పది బల్లల విందు

తియాన్ పల్లె
గువాంగ్‌షూ చక్రవర్తి ఏలుబడి ఇరవై అయిదో ఏడు, పన్నెండో నెల ఆరు

తమ్ముడు యూటాంగ్‌కి అక్క అన్నమ్మ రాసుకున్నది.

మీరంతా ఎలా ఉన్నారో ఒక్కొక్కరి సంగతీ వేరువేరుగా రాయి, "అందరం క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. ముందు నీ దగ్గు. బేరిపండు ఉడికించిన నీళ్లు తాగుతున్నావా? మరదలి మోకాళ్లు ఈ చలికి వాచి ఉంటాయి, ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి పెట్టుకోమను. మీవాడు జింగ్‌చెన్‌కి కళ్ల మంట తగ్గిందా? మీ అత్తగారికి మిగిలిన ఆ నాలుగు పళ్లూ ఉన్నాయా? మీ షీ దొరకి నిద్ర పట్టడం లేదని రాశావు. దేశాల మధ్య రాయబారం చేసే మనిషైనా కడుపు కడుపే, పొద్దుపోయాక టీ తాగొద్దని చెప్పు. ఆయన్ని కూడా అడిగానని చెప్పు. ఆయన బాగుండాలి, నాకు ఆయనతో పనుంది.

ఇక్కడ కోడలు తింటోంది, మాట్లాడటం లేదు. మనవరాలు లింగ్‌కి తట్టు తగ్గింది. నాకే ఏ జబ్బూ లేదు. కొడుకుని పూడ్చిన తల్లికి ఒక జ్వరమైనా రావద్దా? ఊళ్లో ముఖం చెల్లక ఒంట్లో బాగాలేదని చెప్పి పడుకుంటున్నాను.

ఎలా జరిగిందో సరిగ్గా రాయమన్నావు. నాకు వచ్చినవి జపాల పుస్తకంలోని అక్షరాలే. భయపడ్డాను, చాలవేమోనని. చూస్తే అన్నీ ఉన్నాయి. బల్లెం ఉంది, ప్రభువు పక్కలో పొడిచారు కాబట్టి. మంట ఉంది, నరకం ఉంది కాబట్టి. పగ కూడా ఉంది.

పదో నెల పంతొమ్మిదిన మధ్యాహ్నం గువో పల్లె నుంచి నలభై మంది వచ్చారు, తలలకి ఎర్రగుడ్డలు కట్టుకుని. ముందు నడిచినవాడు మెంగ్ దెబియావ్, కుర్రాళ్లకి ముష్టియుద్ధం నేర్పేవాడు. వాడి తల్లీ నేనూ ముప్పై ఏళ్లు ఒకే అరుగు మీద కూర్చుని నూలు వడికాం. మనం గంట కొట్టి మబ్బుల్ని తోలేస్తున్నామని, వానలు పడకపోవడానికి మనమే కారణమని వాడి గోల. పదకొండు మంది ఆడవాళ్లం గుడిలో జపమాల చెప్పుకుంటున్నాం. చాంగ్‌గెన్ తలుపు గడియ వేసి, వీపు ఆనించి నిలబడి, "అమ్మా, వెనక కిటికీ" అన్నాడు. అంతే. నా కొడుకు నాతో అన్న ఆఖరి మాట కిటికీ. చిన్నప్పుడే బిగించి కట్టిన ఈ పాదాలతో ఎలా దూకానో మరియమ్మకే తెలియాలి. జొన్నచొప్ప వాము వెనక నుంచి చూశాను. తలుపు చెక్కల సందులోంచి బల్లెం దూర్చాడు మెంగ్. ఒకసారి కాదు. తరవాత నిప్పు పెట్టారు.

నాకు వాడి తల కావాలి తమ్ముడూ. నీ దొర కాగితాలన్నీ మన భాషలో పెట్టేది నువ్వేగా. వాడి పేరు పెద్ద అక్షరాలతో పెట్టు.

నువ్వు మాత్రం ఇటు రావద్దు. దొరల దగ్గర పనిచేసేవాళ్లని వాళ్లు ఇంకా ఎక్కువ వెతుకుతున్నారు.

అక్క, తియాన్ ఇంటి అన్నా

పేరు పక్కన వేలిముద్ర కూడా వేశాను. నా పేరుతో ఎవడైనా నీకు దొంగ ఉత్తరం రాస్తాడేమోనని నా భయం.


బీజింగ్
పన్నెండో నెల ఇరవై ఒకటి

అక్కయ్యకి,

నువ్వు అడిగిన వరసలోనే చెబుతున్నాను. దగ్గు ఉంది. నీ మరదలి మోకాళ్లు నువ్వన్నట్టే వాచాయి. జింగ్‌చెన్ బాగున్నాడు. అత్తగారికి పళ్లు మూడు. దొరకి నిద్ర లేదు, టీ మానమన్నావంటే "మీ అక్కగారికి కృతజ్ఞతలు" అని లేచి నిలబడి మరీ అన్నాడు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. కిటికీ అన్న మాట దగ్గర ఆపి "మళ్లీ చదువు" అన్నాడు. ఆయన గది గోడకి మన రాష్ట్రం పటం ఉంది. తగలబడిన ప్రతి గుడికీ ఒక నల్లతల సూది గుచ్చుతాడు. మన ఊరి సూది నా చేత గుచ్చించాడు. అక్కా, ఇప్పుడా పటంలో ఊళ్ల పేర్లు చదవడానికి లేదు, అంతా సూదులే. "నేను కాగితం రాస్తే ఇక్కడి పెద్దలు ఎంతో మర్యాదగా జవాబిస్తారు, మర్నాడు ఇంకో ఊరు కాలుతుంది" అంటాడు. "ఈ నగరంలో మా దేశాల వాళ్లకి గోడలున్నాయి, కాపలా ఉంది. పల్లెల్లో మమ్మల్ని నమ్ముకున్న ఆ వేలమందికి ఏముంది?" అంటాడు. అలా అన్నప్పుడు నా వైపు చూడడు.

మెంగ్ పేరు పెట్టాను. బంధువులు కాని సాక్షులు ఇద్దరు కావాలంటే గుడిలో ఉన్న ఆడవాళ్ల పేర్లు పెట్టాను. మొన్న పదిహేడున మెంగ్‌ని పట్టుకుని జిల్లా జైల్లో వేశారు. ఇంతటితో అయిపోయిందనుకోకు. జిల్లా అధికారికి పైనుంచీ భయమే, కింద జనమన్నా భయమే.

కోడలిని మాట్లాడించు.

తమ్ముడు యూటాంగ్


తియాన్ పల్లె
ఇరవై ఆరో ఏడు, మొదటి నెల తొమ్మిది

తమ్ముడూ,

నీ ఉత్తరం మన గుడి ఉపదేశి చేత మూడుసార్లు చదివించుకున్నాను, మూడోసారికి నాకే నోటికొచ్చింది. పట్టుకున్నారు! అరవై మూడేళ్లొచ్చాయి, ఇంత తియ్యని మాట నేను వినలేదు. పాపమేమోనని గుడి గురువుగారికి చెప్పుకుంటే, జ్వరంతో మూలుగుతూనే ఆయన పది జపాలు శిక్ష వేశారు. చెప్పేశాను. చెప్పినా తీపి పోలేదు.

ఇక నా దిగులల్లా ఇది. తల నరికే రోజు ముందుగా చెబుతారా, చెప్పకుండా చేసేస్తారా? కోట గుమ్మం బయట చేస్తారా, సంతలోనా? సంతలో అయితే తొక్కిసలాటలో నా పాదాలు నిలవవు, ముందురోజే వెళ్లి చోటు చూసుకోవాలి. లింగ్‌ని తీసుకెళ్లాలా వద్దా? నాలుగేళ్ల పిల్ల, దడుచుకుంటుందేమో. కానీ పెద్దయ్యాక "నాయనమ్మా, నాకెందుకు చూపించలేదు" అంటే ఏం చెప్పను? చల్లగాలి కదా, చెవులకి ఏదైనా కట్టాలి. నరికేవాడి చెయ్యి మంచిదో కాదో కనుక్కో. ఒక్క దెబ్బకి తెగకూడదు. నా కొడుక్కి ఒక్క దెబ్బతో పోలేదు.

మెంగ్ తల్లి నిన్న గుమ్మం ముందుకి వచ్చింది. లోపలికి రాలేదు. "వదినా, వాడు చిన్నప్పుడు నీ చేతి ఆవిరి రొట్టెలు తిన్నాడు" అంది. "అందుకే సిగ్గుపడుతున్నా" అని తలుపేశాను.

కోడలు మాట్లాడింది. "పట్టుకున్నారా?" అంది. అంతే. కానీ ఆ పూట రెండు గిన్నెలు కొర్రజావ తాగింది.

రోజు తెలియగానే మనిషిని పంపు. నువ్వు రాకు, దారిలో ఎర్రగుడ్డల వాళ్లు జడ పట్టుకుని ఆపి పేరడుగుతున్నారట.

అక్క అన్నా (వేలిముద్ర)


బీజింగ్
మొదటి నెల ఇరవై అయిదు

అక్కయ్యకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదవకు.

తల నరకడం లేదు. నేను అడిగాను, దొర అడిగాడు, రెండుసార్లు కాగితం వెళ్లింది. రాజధాని పెద్దలు టీ పోసి చెప్పింది ఒకటే: వాడిని నరికితే ఆ చుట్టుపక్కల ఇరవై పల్లెలు లేస్తాయి. దొర పటంలో ఆ పల్లెల మీద వేలు పెట్టాడు. "అవి లేస్తే ఆపే సైన్యం నా దగ్గర లేదు, వాళ్ల దగ్గర ఉన్నా వాళ్లు ఆపరు" అన్నాడు. ఆయనకి కావలసింది ఒకే ఒక్క కేసు, రెండు పక్కలా ఒప్పుకుని మూసేసిన కాగితం. ఒక్కటి మూస్తే మిగతావి మూయొచ్చని చూపించాలని. లేకపోతే ఈ వేసవికి ఒక్క గుడీ మిగలదని ఆయన భయం.

అందుకని మన పద్ధతిలోనే తీర్మానం చేశారు. మెంగ్ వంశం వాళ్లు జిల్లా ఊళ్లో పది బల్లల విందు పెట్టాలి. టపాకాయలు కాల్చాలి. గుడి మళ్లీ కట్టివ్వాలి. మెంగ్ అందరి ముందూ మోకాళ్ల మీద నీకు వడ్డించాలి. నువ్వు మొదటి ముద్ద తినాలి. తింటే పగ తీరినట్టు, వాడిని వదిలేస్తారు. వదిలేముందు మళ్లీ పిడికిలి ఎత్తనని ప్రమాణం చేయిస్తారు.

రోజు కూడా ఖాయమైంది: రెండో నెల తొమ్మిది. నేనే పంచాంగం చూసి పెట్టాను, మంచి రోజు.

నన్ను తిట్టుకుంటావని తెలుసు. లింగ్‌ని తలుచుకుని తిను అక్కా.

యూటాంగ్


తియాన్ పల్లె
రెండో నెల పదమూడు

తమ్ముడూ,

నీ మీద నాకున్న ప్రేమ ఎంతో ఇవాళ రాస్తాను, మళ్లీ రాయనేమో. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీ పేరెత్తితే కోడలు బయటికి వెళ్లిపోయేది. అయినా చిన్నప్పటి నుంచీ నా మాట ఒక్కటీ కాదనని తమ్ముడు అడిగాడు కదా, తిందాం అనుకున్నాను. ఒట్టు. తినడానికే వెళ్లాను.

బండ్ల మీద వెళ్లాం, మన ఊరివాళ్లం, పక్కనున్న లియు వంతెన పల్లె వాళ్లం, ఎనభై మందిమి. జిల్లా అధికారి గొడుగు కింద కూర్చున్నాడు. పది బల్లలు. టపాకాయలు కాల్చారు. మెంగ్‌ని సంకెళ్లు తీసి తెచ్చారు. మంచి బట్టలు వేసుకున్నాడు, లావెక్కాడు. జైల్లో మనిషి లావెక్కుతాడా? వాళ్లవాళ్లు రోజూ బుట్టలు పంపిస్తున్నారట. గిన్నె పట్టుకుని నా ముందు మోకరిల్లాడు. పంది కాళ్లు. తినే పుల్లలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఉపదేశి నా వెనక నుంచి, "అన్నమ్మా, ఇవాళ శుక్రవారం. తపస్సుకాలం. మాంసం ముట్టకూడదు" అన్నాడు.

తమ్ముడూ, నువ్వు బాప్తిస్మం పొందినవాడివేనా? ఏ పంచాంగం చూశావ్? మీ దొర కూడా సిలువ గుర్తు వేసుకునేవాడే కదా, ఆయనకీ తట్టలేదా? దేశాల సంగతులు చూసే కళ్లకి శుక్రవారం కనిపించదా? గురువుగారు జ్వరంలోనే మనిషిని పంపారట, రోజు మార్చమని. వాడు జిల్లా కచేరీలో వాకిలి దగ్గరే ఆగిపోయాడు.

కూరలు తిందామంటే కూరలన్నీ పంది కొవ్వులో వేయించారు. రొట్టెల్లో కూడా కొవ్వే. పుల్లలు కింద పెట్టాను. ఒకరి తరవాత ఒకరు ఎనభై మందీ పుల్లలు కింద పెట్టి చేతులు చొక్కా చేతుల్లోకి దోపుకున్నారు. టపాకాయలు కాల్చేవాడు కూడా ఆగిపోయాడు.

జిల్లా అధికారి లేచి, "ఏం ముసలమ్మా, వీళ్ల పంది నీకు తక్కువైందా?" అన్నాడు. శుక్రవారం అని చెబితే వాళ్లకేం అర్థమవుతుంది? చుట్టూ జనం. "ఒప్పుకోలేదురా, ఒప్పుకోలేదు" అని అరుపులు. అప్పుడు మెంగ్ తలొంచుకునే, నాకొక్కదానికే వినబడేట్టు అన్నాడు: "తినవే ముసలీ. మోకాళ్లు లాగేస్తున్నాయి."

అప్పుడు అర్థమైంది తమ్ముడూ. వాడిని మళ్లీ సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. జిల్లా అధికారి చెమటలు తుడుచుకున్నాడు. మెంగ్ వంశం పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇదంతా ఎందుకు? నేను నోరు తెరవలేదు కాబట్టి. నేను మింగేదాకా వాడు బయటికి రాలేడు.

ఎనభై మందిమి ఆకలితో ఇళ్లకొచ్చాం. నాకు మాత్రం కడుపు నిండినట్టుంది.

దగ్గుకి ఏం మందు వాడుతున్నావో రాయలేదేం? రక్తం పడుతోందా? దాచకు.

అక్క అన్నా (వేలిముద్ర)


బీజింగ్
రెండో నెల ఇరవై మూడు

అక్కయ్యకి,

తప్పు నాదే. శుక్రవారం సంగతి గుర్తులేదు. ఆ వారమంతా రోజుకి అయిదారు కాగితాలు, అన్నీ ఒకటే సంగతి: ఫలానా ఊరు, ఫలానా గుడి, ఇంతమంది. దొరకి చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "మా అమ్మ వింటే నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

కానీ ఇక్కడికి వచ్చిన కబురు వేరేలా ఉంది. అన్నా అనే ముసలావిడ కావాలనే విందు తిప్పికొట్టిందని, క్రైస్తవులు సంధికి ఒప్పుకోరని జిల్లా అధికారి పైకి రాశాడు. రాజధాని పెద్దలు ఆ కాగితం దొర ముందు పెట్టి "చూశారా, మొండివాళ్లు ఎవరో" అన్నారట. ఇంకో పుకారు: నువ్వు నోరు కట్టేసుకుని మంత్రం వేశావని, నువ్వు తినేదాకా వాన పడదని. గోడల మీద కాగితాలు అంటిస్తున్నారు. నీ పేరు ఉంది అక్కా. దొర ఆ కాగితం చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ఒక మనిషి పేరు గోడ మీదికెక్కిందంటే నా కాగితాలు ఆమెని కాపాడలేవు" అన్నాడు.

రెండో విందు ప్రభువు లేచిన పాస్క పండుగ అయ్యాక, మూడో నెల ఇరవై. గురువారం. నాలుగుసార్లు చూశాను. తపస్సుకాలం కాదు.

ఇంకో మాట. తల్లి రాలేకపోతే మేనమామ తిన్నా చెల్లుతుందని జిల్లా అధికారి అంటున్నాడు. చచ్చినవాడి తరఫున మేనమామకి ఆ హక్కు ఎప్పుడూ ఉన్నదే. నేను ఒప్పుకోలేదు. అది నీ ముద్ద, నువ్వే తినాలి. తింటావు కదూ?

రక్తం పడటం లేదు.

యూటాంగ్


తియాన్ పల్లె
మూడో నెల ఏడు

తమ్ముడూ,

తినను.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను, కానీ కాగితం మిగిలింది, ఉపదేశి ఇచ్చిన సిరా ఎండిపోతుందేమోనని దిగులు.

మెంగ్ తల్లి రోజూ వస్తోంది. గోధుమపిండి పోగులు గిన్నెలో పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, నా గుమ్మం ముందు మోకరిల్లుతుంది. మొదటి రోజు నేలంతా చల్లగా ఉంటే గోనెసంచి తెచ్చి ఆమె మోకాళ్ల కింద వేశాను. జాలితో కాదు. త్వరగా లేచిపోకూడదని.

"వదినా, ఒక్క ముద్ద. కొవ్వు వెయ్యలేదు, నువ్వులనూనే" అంటుంది.

"నా కొడుకొచ్చి తింటే నేనూ తింటా."

"నా కొడుకు చస్తే నీ కొడుకొస్తాడా?"

"రాడు. కానీ నువ్వు కూడా నాలాగే కూర్చుంటావ్."

ఏడుస్తుంది. నేను తలుపు తీసి ఉంచే పని చేసుకుంటాను. నూలు వడుకుతాను. ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చున్న రోజుల్లోలాగే ఉంటుంది చూసేవాళ్లకి. పోగులు చల్లారిపోయి ముద్ద కట్టుకుంటాయి, అప్పుడు లేచి వెళ్తుంది. ఇరవై రెండు రోజులైంది. రోజూ పొద్దున లేవగానే నాకు భయం, ఇవాళ రాదేమోనని.

వాన సంగతి నాకూ తెలుసు. నూతి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి బిందెలు మూసేస్తున్నారు. "నోరు తెరువమ్మా, పొలాలు ఎండిపోతున్నాయి" అని ఒకామె నా కాళ్లు పట్టుకుంది, మన మతం కాదు, పాపం. వానలు నా గొంతులో ఉన్నాయా? ఉంటే వాళ్ల బల్లెం తలుపులోంచి వచ్చినరోజే ఎండిపోయాయి.

మీ దొర భయం నాకు అర్థం కాలేదనుకోకు. మంచివాడే. కానీ మెంగ్‌ని వదిలితే ఊళ్లు చల్లబడతాయని ఎవరు చెప్పారు ఆయనకి? పటమా? ఆ ముష్టియుద్ధం వాడు ప్రమాణాలు నిలబెట్టుకునే మనిషయితే వాడి గురువుకి చేసిన మొదటి ప్రమాణం, ఆడవాళ్ల మీద చెయ్యెత్తనన్నది, ఏమైంది? వదిలితే ముందు నా ఇంటికే వస్తాడు. నాకు తెలుసు. మీకు తెలియదు. మీకు సూదులు తెలుసు.

మేనమామకి హక్కుందని రాశావు. ఆ మాట ఎందుకు రాశావో ఆలోచిస్తుంటే ఒళ్లు మండుతోంది. మీ దొర కాగితం మూయాలని అంత ఆకలిగా ఉంటే నువ్వే తిను. మేనమామవి కదా, తిను. కడుపు నిండా తిను.

అక్క అన్నా (వేలిముద్ర)


బీజింగ్
మూడో నెల ఇరవై ఎనిమిది

అక్కయ్యకి,

తిన్నాను.

ఇరవయ్యో తేదీన జిల్లా ఊరికి వచ్చాను. నువ్వు రాసిన ఆఖరి ఉత్తరం, వేలిముద్ర ఉన్నది, జిల్లా అధికారికి చూపించాను. "మేనమామవి కదా, తిను" అని ఉన్న చోట ఆయన ఎర్రసిరాతో గీత పెట్టుకుని, నకలు రాయించుకుని దస్త్రంలో పెట్టుకున్నాడు. నువ్వు కోపంతో రాశావని నాకు తెలుసు. తెలియక చెయ్యలేదు. అదొక్కటీ నీకు అబద్ధం చెప్పను.

దొర నన్ను అడగలేదు, పంపలేదు. నాలుగు రోజులు సెలవు అడిగితే ఇచ్చాడు. ఆ వారంలో పదకొండు సూదులు గుచ్చాం అక్కా. ఒక ఊళ్లో గుడి కాలినప్పుడు అందరూ లోపలే ఉన్నారు. ఆ కాగితం మన భాషలో పెడుతుంటే లింగ్ పేరు రాయబోయాను, చెయ్యి ఆగిపోయింది. నువ్వు మొండిగా కూర్చుంటే ముందు నీ ఇల్లే కాలుతుందని, నువ్వూ కోడలూ పాపా అందులోనే ఉంటారని, ఇక నాకు ఇంకేమీ కనబడలేదు.

తెచ్చి పెట్టాడు, తిన్నాను. ప్రమాణం చేశాడు. వదిలేశారు. ఆ ఊరి నుంచి నీ దగ్గరికి రెండు కోసులే. రాలేదు. నీ ముఖం చూడలేక తిరిగి వెళ్లిపోయాను.

దొరకి చెబితే మన ఊరి సూది తీసి డబ్బాలో వేశాడు. ఆరు నెలల తరవాత ఆయన నవ్వడం చూశాను. "ఒకటి" అన్నాడు. ఆ కాగితం తన దేశానికి పంపుతున్నాడు, మిగతా రాయబారులకి కూడా చూపిస్తున్నాడు.

తిట్టి రాయి. రాయకుండా ఉండకు.

యూటాంగ్


తియాన్ పల్లె
నాలుగో నెల పదహారు

బీజింగ్‌లో రాయబారిగారి దగ్గర పనిచేసే శ్రీ గెంగ్ యూటాంగ్‌గారికి,

మీరు తిన్న సంగతి మీ ఉత్తరం కన్నా ముందే నాకు తెలుసు. ఇరవై ఒకటో తేదీన మెంగ్ తల్లి వచ్చింది, చేతిలో గిన్నె లేకుండా. గోనెసంచి మీద కూర్చోలేదు, గుమ్మం దాటి లోపలికే వచ్చింది. "మీ తమ్ముడు దొడ్డ మనసున్నవాడు వదినా. మొదటి ముద్ద మింగలేక నీళ్లు తాగాడు. మావాడు గిన్నె పట్టుకుని 'మావయ్యా, తిను' అంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు" అంది. అన్ని రోజులు ఆమె నా ముందు మోకరిల్లితే చల్లారని కడుపు, ఈ ఒక్క మెప్పుతో భగ్గుమంది.

మావయ్యా అన్నాడా? ఆ పిలుపు నా కొడుకుది. మీకు ఒక్కడే మేనల్లుడు. వాడి నోరు మట్టిలో ఉంటే, మట్టి చేసినవాడి నోట ఆ మాట విని ముద్ద మింగారు. అదైనా మీ ఉత్తరంలో రాస్తారేమోనని వెతికించాను. "తెచ్చి పెట్టాడు, తిన్నాను" అని రాశారు. అంతే.

మెంగ్‌ని ఊరేగింపుగా తీసుకొచ్చారు, కంచరగాడిద మీద, ఎర్ర పట్టు కట్టి. ప్రమాణం నాలుగు రోజులు నిలబడింది. గువో పల్లె చివర బలిపీఠం కట్టాడు. పక్క ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చి చేరుతున్నారు. "దొరల కాగితమే నన్ను విడిపించింది, ఇక నన్ను ఎవడు పట్టుకుంటాడు?" అంటున్నాడట. తొమ్మిదో తేదీన లియు వంతెన గుడి కాల్చారు. ఉపదేశి అన్నగారూ, ఆయన భార్యా పోయారు. ఆ రోజు విందులో నా పక్కన చేతులు దోపుకుని కూర్చున్నవాళ్లే. మీ దొరగారి పటంలో మా ఊరి సూది తీసిన చోటికి రెండు కోసుల దూరంలో కొత్తది గుచ్చమని చెప్పండి.

గురువుగారు అందరినీ గోడ ఉన్న పల్లెకి తరలిస్తున్నారు. కోడలినీ లింగ్‌నీ పంపేశాను. వెళ్లేటప్పుడు కోడలు, "మేనమామగారు వస్తారా అత్తమ్మా?" అంది. వచ్చేది ఉంటే రెండు కోసులు రాలేకపోయేవారా అన్నాను. నేను వెళ్లలేదు. నాకు ఇక్కడ పని మిగిలింది.

మెంగ్ ఇక నా చేతికి అందడు. వాడి తల్లి కూడా అందదు, వాళ్లింట్లో ఇప్పుడు పండుగ. నాకు అందేది మీరొక్కరే.

పెద్దవాళ్లు చిన్నవాళ్ల సమాధికి మొక్కరు. మేనమామ మేనల్లుడి మట్టి ముందు మోకరిల్లితే ఆ మేనమామ తలెత్తుకుని తిరగలేడు. మీరు మోకరిల్లాలి. చాంగ్‌గెన్ సమాధి ముందు, మిగిలిన మన వాళ్లు చూస్తుండగా. ఒక గిన్నె పోగులు వండిపెడతాను, అది వాడి ముందు పెట్టి, మీరు వాడితో "అల్లుడూ, తిను" అనాలి. వాడు తినేదాకా లేవకూడదు. మెంగ్ తల్లి ఎంతసేపు కూర్చునేదో అంతసేపు. నేను పక్కనే ఉండి చూస్తాను.

రాకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. గురువుగారి చేత మీ దొరగారి భాషలో ఒక ఉత్తరం రాయించాను. మీ చేతుల మీదుగా వెళ్లదు, మీరు మార్చి చదవలేరు. ఆ ముద్దకి తల్లి ఒప్పుకోలేదని, ఆ వేలిముద్ర కోపంతో వేసిందని, నేను బతికి ఉన్నంతకాలం ఆ కేసు తెరిచే ఉందని రాసి ఉంది. గురువుగారు వద్దమ్మా, ఆ దొర ఒక్కడే మన కోసం అరుస్తున్నాడు, ఆయన నోరు మూతపడుతుంది అన్నారు. రాయండి అన్నాను. ఆయన దేశానికి పంపిన ఆ ఒక్క మూసిన కాగితం అబద్ధమని తేలితే ఆయనేమవుతాడో, మీరేమవుతారో నాకు తెలియదు. ఇదివరకు అయితే దిగులు పడేదాన్ని. ఆ ఉత్తరం ఇప్పుడు నా రొమ్ము దగ్గర చొక్కాలో దాచి ఉంది. మీరు వస్తే మీ చేతికిచ్చేస్తాను, చించుకోండి. రాకపోతే అదే రోజు సాయంత్రం బయలుదేరుతుంది.

గువో పల్లె మీదుగానే రావాలి, వేరే దారి లేదు. దొరల బండి ఎక్కి రావద్దు, కాలినడకన రండి. జడలో జపమాల చుట్టుకునే అలవాటు మానండి, జడలు విప్పించి మరీ తడుముతున్నారు. దారిలో దగ్గు వస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి, దగ్గుని బట్టి ఊరి మనిషో కాదో పోల్చుకుంటున్నారట. పేరడిగితే నా పేరు చెప్పొద్దు, అది గోడల మీద ఉంది.

పవిత్రాత్మ పండుగ రోజు గురువుగారు సమాధుల దగ్గరే పూజ చేస్తామన్నారు, గుడి లేదు కాబట్టి. అందరూ ఉంటారు. ఆ రోజు రండి. అయిదో నెల ఏడో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం లోపు.

తియాన్ చాంగ్‌గెన్ తల్లి (వేలిముద్ర)